మొదటి జీతం కంటే ముందే వచ్చే అద్దె

చెల్లి: శ్రోతలందరికీ నమస్కారం. వచ్చే నెల నేను గుంటూరు వదిలి హైదరాబాదులో ఉద్యోగంలో చేరుతున్నాను. అందుకే ఈసారి అతిథి మా అక్క. కూకట్‌పల్లిలో అద్దె ఇంట్లో ఉంటోంది. అక్కా, బట్టలు సర్దే ముందు నేను ఆలోచించాల్సింది ఏమిటి?

అక్క: డబ్బు. అందరూ జీతం ఎంతో చూసుకుని అద్దె లెక్క వేస్తారు. కానీ జీతం నెలాఖరుకు వస్తుంది, అద్దె ముందే కట్టాలి. ఒక పడకగది ఇల్లు 15,000 అనుకో. హైదరాబాదులో సాధారణంగా రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు, అది 30,000. మొదటి నెల అద్దె 15,000. బ్రోకరు చూపించిన ఇల్లయితే అతనికి ఇంకో నెల అద్దె దాకా ఇవ్వాల్సి రావచ్చు. 60,000 అయింది. పరుపు, పొయ్యి, బకెట్టు ఇంకా కొననేలేదు.

చెల్లి: అంత నా దగ్గర లేదు. నాన్నను అడగనా?

అక్క: అడుగు, అప్పుగా అడుగు. నెలకు ఎంత తిరిగి ఇస్తావో కాగితం మీద రాసి చూపించు. ఆయన తీసుకుంటారో లేదో తర్వాతి మాట. కూతురు లెక్క చూసుకోగలదన్న ధైర్యం ఆ కాగితంతో వస్తుంది. లేదంటే మొదట ఏ అమీర్‌పేటలోనో, ఎస్సార్ నగర్‌లోనో లేడీస్ హాస్టల్లో చేరు. ఆఫీసుకు వెళ్లిరావడానికి ఎంతసేపు పడుతుందో తెలిశాక ఇల్లు వెతుక్కోవచ్చు. ఫొటోలు చూసి గుంటూరు నుంచే అడ్వాన్సు పంపే పని మాత్రం చేయకు.

చెల్లి: అమ్మేమో "పెళ్లయితే ఎలాగూ వెళ్తావు, ఇప్పుడెందుకు తొందర" అంటోంది.

అక్క: నాతోనూ అదే అంది. మన ఇళ్లలో అబ్బాయి ఊరు దాటితే బాగుపడటానికి వెళ్లాడంటారు. అమ్మాయి గడప దాటడమంటే అత్తారింటికే అనుకుంటారు. నాకది ఎప్పుడూ ఒప్పుకోబుద్ధి కాదు. తన పేరు మీద ఒప్పందం, తన సంపాదనతో నడిచే ఇల్లు ప్రతి ఆడపిల్లకూ ఒక్కసారైనా అనుభవంలోకి రావాలి. తర్వాత ఏ పెద్ద నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా ఆ అనుభవం వెన్నుదన్నుగా నిలుస్తుంది. అలాగని అమ్మతో వాదనకు దిగకు. తన భయాలేమిటో ఒక్కొక్కటిగా అడుగు. రాత్రి ఆలస్యమైతే ఎలా వస్తావు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో గది చూసుకో. పక్కింటివాళ్ల ఫోను నంబరు అమ్మకు ఇవ్వు. ఆరోగ్య బీమా సంగతి కూడా తేల్చుకో.

చెల్లి: నాన్న కంపెనీ పాలసీలో నేనూ ఉన్నానుగా?

అక్క: చాలా పాలసీల్లో పిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, 25 ఏళ్లని పెట్టడం మామూలే. నీ పేరు ఎప్పటిదాకా ఉంటుందో ఇప్పుడే కనుక్కో.

చెల్లి: అద్దె ఒప్పందం 11 నెలలకే రాస్తారెందుకు?

అక్క: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో మొదటి నుంచీ ఉన్న నియమం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా 11 నెలలకు రాసుకోవడం అలవాటైంది. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా రిజిస్టర్ చేయించాలి, అయినా ఆ అలవాటు పోలేదు. సంతకం పెట్టే ముందు, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులో ఎంత తగ్గిస్తారో, ఎన్నాళ్ల ముందు చెప్పాలో అందులో రాయించు. చేరిన రోజే కరెంటు మీటరు, గోడలు ఫొటోలు తీసి ఇంటివాళ్లకు పంపు. వేసవిలో బోరు ఎండిపోతే ట్యాంకరు డబ్బులు ఎవరు పెట్టుకోవాలో కూడా అడుగు. నన్నడిగితే అద్దె ఎంతని అడిగే ముందే నీళ్ల సంగతి అడగాలి.

చెల్లి: మరి గ్యాసు?

అక్క: 5 కిలోల చిన్న సిలిండరుకు గుర్తింపు కార్డు చాలు, చిరునామా రుజువు అక్కర్లేదు. ఒక్కదానివే కాబట్టి మొదట అది సరిపోతుంది.

చెల్లి: వెళ్లేలోపు ఇంట్లో ఏం నేర్చుకోను?

అక్క: ఈ నెల ఇల్లు నువ్వే నడుపు. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు అన్నీ నీ చేతి మీదుగా వెళ్లాలి. కందిపప్పు ఎన్ని రోజులకు అయిపోతుందో, నూనె ఎంత పడుతుందో అమ్మకు చూడగానే తెలుస్తుంది. మనం ఆ ఇంట్లోనే పెరిగినా మనకు తెలియదు. పక్కన అమ్మ ఉండగా తెలుసుకోవడమే మేలు.

చెల్లి: సరే, ఒకటో తారీఖు నుంచి మొదలుపెడతాను.

అక్క: ఒకటో తారీఖు దాకా ఎందుకు? ఈ రాత్రి చారు నువ్వే పెట్టు.