ఉప్పాడ తాత గొంతుతో మొదలైన క్లైమేట్ షో

యాంకర్: మాస్టారూ, వాతావరణ మార్పు మీద పిల్లలతో ప్రెజెంటేషన్ చేయించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మాస్టారు: ముందు నేను చేసిన తప్పు చెబుతానమ్మా. మొదటిసారి 28 స్లైడ్లు చేయించాను. కరిగే మంచు, ధ్రువపు ఎలుగుబంటి, నెట్‌లో దొరికిన గ్రాఫులు. ఐదో స్లైడుకే వెనక బెంచీల్లో కబుర్లు మొదలయ్యాయి. అప్పుడొక మత్స్యకారుల పిల్లాడు లేచి, "మా తాత పుట్టిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది సార్" అన్నాడు. హాలంతా వాడివైపే తిరిగింది. మాది కాకినాడ దగ్గర, సముద్రం ఒడ్డును కోసేస్తున్న ఉప్పాడ పక్కనే కదా.

యాంకర్: అయితే ఆ తాతగారి కథే తీసుకున్నారా?

మాస్టారు: అవును, ఫోన్‌లో రికార్డు చేశాం. ఒడ్డున గాలి హోరు మాటల్ని మింగేసింది. పడవ చాటున కూర్చోబెట్టి మళ్లీ చేశాం. తెర మీద ఒకటే ఫొటో, ఆయన అలల వైపు చెయ్యి చూపిస్తున్నది. దాని మీద ఒక్క అక్షరం పెట్టలేదు. నిమిషంన్నర ఆయన గొంతే. రాత, మాట, పాట అన్నీ ఒకేసారి పెడితే పిల్లలు చదవాలా, వినాలా?

యాంకర్: కానీ ఉప్పాడ తీరం కోతకు సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణం కాదంటారు కదా?

మాస్టారు: అది చెప్పి తీరాలమ్మా. గోదావరి మీది ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోతుంది, తీరానికి చేరే మట్టి తగ్గుతుంది. ఒడ్డున కట్టే కట్టడాల వల్ల ఇసుక కదిలే దారి మారుతుంది. వీటికి తోడు సముద్రమట్టం పెరుగుతోంది. పిల్లలు ఈ మూడింటినీ తీరం బొమ్మ మీద మూడు బాణాలుగా గీశారు. అంతా భూతాపమే అనేసి ఊరుకుంటే, విషయం తెలిసినవాళ్లు ఒక్కరు కాదన్నా పిల్లలు చెప్పిన మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

యాంకర్: మరి అంకెలు?

మాస్టారు: రెండు చాలు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. ఉష్ణోగ్రతకైతే అంకెలే అక్కర్లేదు. బ్రిటన్ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో ఏడాదికో చార గీసి చూపించారు. చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. మా ఏడో తరగతి పిల్లలు ఆ చారలు చార్టుల మీద వేసి వరండా పొడుగునా అంటించారు. కరెంటు పోయినా అవి కనిపిస్తాయి.

యాంకర్: పగలు ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది కదా, అదే నా టెన్షన్.

మాస్టారు: తెల్లటి స్లైడు మీద నల్లటి పెద్ద అక్షరాలు, స్లైడుకు ఒకే వాక్యం. ఆఖరి బెంచీలో కూర్చుని నేనే చదివి చూస్తాను. వీడియోలు ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాం.

యాంకర్: ఆ తాతగారి రికార్డింగ్ ఇప్పుడు వినిపిద్దామా?

మాస్టారు: వినిపించమ్మా. ముందు కాసేపు అలల చప్పుడే వస్తుంది, దాన్ని కత్తిరించకు.