చెరకు గడ మీద నల్ల డాలు

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ గడ రాజాం దగ్గర ఒక చెరకు తోటలో నిన్న కోసింది. ఎండుటాకు ఒలిచి చూస్తే కణుపుల పొడుగునా బూడిదా మసీ కలిపి పూసినట్టుంది. "ఇది పురుగేటండీ మాస్టారూ, గడకి పట్టిన గజ్జి కదండీ!" అన్నారు ఆ రైతు. ఆయన్ని ఏం తప్పు పడతాం? కదలదు, కాళ్లు కనబడవు, తల ఎటుందో తెలీదు.

కానీ పురుగే. చెరకు పొలుసు పురుగు. శాస్త్రీయ నామం మెలనాస్పిస్ గ్లోమెరాటా. మెలాస్ అంటే గ్రీకులో నలుపు, ఆస్పిస్ అంటే డాలు. గ్లోమెరాటా లాటిన్ మాట, గుంపుగా ముద్దకట్టినది అని. పేరు పెట్టినాయన గడను చూసే పెట్టాడనిపిస్తుంది. ఆయన ఎర్నెస్ట్ గ్రీన్. శ్రీలంకలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త. 1903లో దీన్ని ఆస్పిడియోటస్ ప్రజాతిలో పెట్టి వర్ణించాడు. తర్వాతి వాళ్లు మెలనాస్పిస్‌లోకి మార్చారు. కుటుంబం డయాస్పిడిడే, డాలు పురుగుల కుటుంబం. చెరకు కూడా గడ్డి జాతే కదా, వరికీ గరికకీ చుట్టమే. గరికను పట్టే డాలు పురుగు వేరే ఉంది, ఒడొనాస్పిస్ రూథే. దాని డాలు తెల్లన.

ఇప్పుడు గుండుసూది మొనతో ఈ పొలుసును మెల్లగా లేపుతున్నాను. చూశారా, మూతలా ఊడొచ్చింది. కింద పసుపుపచ్చగా ఉన్నదే పురుగు. డాలు దాని ఒంటికి అతుక్కుని ఉండదు. పురుగు వదిలే మైనంతో, తాను విడిచిన పాత చర్మాలతో కట్టుకున్న గూడు అది. లెన్సులో చూస్తే ఆ చర్మాలు లెక్కపెట్టొచ్చు. ఆడదాని డాలులో రెండు, మగదాని డాలులో ఒకటి. ఆడది గుండ్రం, మగది సన్నగా పొడుగ్గా. పిల్లపురుగుకి కాళ్లుంటాయి, కాస్త నడిచి చోటు చూసుకుంటుంది. ఒకసారి నోటిముల్లు దించాక ఆడదానికి ఇక కాళ్లతో పనిలేదు, తర్వాతి కుబుసంతో అవీ పోతాయి. మగది మాత్రం చివరికి బయటకొస్తుంది, కానీ దానికి తినడానికి నోరే ఉండదు. పాపం!

డాలు రంగు చూసి జాతి పేరు చెప్పేయకండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. కొత్తలో మట్టి పట్టి వెలిసిపోయిన పొలుసుల్ని చూసి, ఇదేదో వేరే జాతి అనుకుని దర్జాగా లేబుల్ రాసి అంటించాను. స్లైడ్ చేశాక చూస్తే అదీ ఇదే! అసలు గుర్తు పురుగు తోక అంచున ఉంటుంది. పొట్ట చివరి ఖండాలన్నీ కలిసి ఒకే పలకవుతాయి, దాన్ని పైజీడియం అంటారు. పురుగును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి లోపలి కండ కరిగించి, రంగు పట్టించి, కెనడా బాల్సంలో పరిస్తే ఆ అంచు అద్దంలా కనిపిస్తుంది. అంచున చిన్న తమ్మెలుంటాయి. వాటి మధ్య నుంచి లోపలికి సన్నని కడ్డీల్లాంటి గట్టి భాగాలు పొడుచుకొస్తాయి. మెలనాస్పిస్‌లో ఆ కడ్డీలు బాగా ఎక్కువ. రంధ్రాల వరుసలు కూడా చూడాలి. ఈ పనికి ఓపిక కావాలి, సాయంత్రం బస్సు ఉందని హడావిడి పడితే ఆ అంచు కాస్తా చిరుగుతుంది.

పొలంలో మైక్రోస్కోప్ ఉండదు కదా, అక్కడెలా అంటారు. చీమల్ని చూడండి. చెరకునే పట్టే గులాబీ రంగు పిండినల్లి తేనెలాంటి జిగురు వదులుతుంది, దాని చుట్టూ చీమలు చేరతాయి. డాలు పురుగు ఆ జిగురు వదలదు. పిండినల్లిని వేలితో నలిపితే మెత్తగా చితుకుతుంది. ఇది గోటితో గీకితే పెచ్చులా లేస్తుంది.

రైతులు ఇంకో సంగతి గమనించండి. ఇది రెక్కలతో ఊళ్లు దాటదు, ముచ్చెలతో, అంటే నాటడానికి కోసిన గడ ముక్కలతో దాటుతుంది. కార్శి తోటలో, అంటే గడ కొట్టాక మోళ్ల నుంచి మళ్లీ పెంచే తోటలో మరీ పెరుగుతుంది. అందుకే నాటే ముందు ముచ్చె మీది ఆకు ఒలిచి కణుపు చూడాలి.

గడ ముక్కా లెన్సూ వెనక వరసదాకా పంపుతున్నాను. అమ్మా, ముందు గడని వెలుతురు వైపు తిప్పండి, తర్వాత లెన్సు కంటికి ఆనించండి.