కెంపా అంటే ఒక మనిషి పేరు

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పిల్లలూ, పొద్దున హ్యాండ్‌బాల్ ప్రాక్టీస్‌లో మీరు చేసింది గుర్తుందా, ఒకడు మూల నుంచి బాల్ ఎత్తి వేశాడు, ఇంకొకడు గోల్ ముందున్న ఆరు మీటర్ల గీత ఇవతల నుంచి ఎగిరి గాల్లోనే బాల్ పట్టుకుని గాల్లోనే గోల్ కొట్టేశాడు. దాన్ని కెంపా అంటున్నాం కదా, ఆ మనిషి గురించి చెప్దామనే ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నా.

బెర్న్‌హార్డ్ కెంపా 1920లో ఒప్పెల్న్‌లో పుట్టారు, అప్పుడది జర్మనీ, ఇప్పుడు పోలాండ్‌లో ఉంది. యుద్ధం అయ్యాక గోపింగెన్ అనే ఊరికొచ్చి అక్కడి క్లబ్‌లో చేరి ఇక ఆ ఊరి మనిషే అయిపోయారు. అప్పట్లో ఆరుబయట ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో పదకొండు మందితో కూడా హ్యాండ్‌బాల్ ఆడేవాళ్లు, అందులో పశ్చిమ జర్మనీకి 1952లో, 1955లో ప్రపంచ కప్ వచ్చింది, రెండు టీముల్లోనూ ఆయన ఉన్నారు.

ఈ ఎగిరే ఎత్తుగడ ఆ 1950ల్లోదే. నాకు నచ్చేదేంటంటే ఆయన రూల్‌ని ఎక్కడా దాటలేదు, రూల్‌ని బాగా చదువుకున్నారు. గీత లోపల నేల గోల్‌కీపర్‌ది, అక్కడ మనం కాలు పెట్టకూడదు, కానీ పైన గాల్లో ఉండొద్దని ఎవరూ అనలేదు కదా! నేల తాకేలోపు బాల్ చేతిలోంచి వెళ్లిపోతే చాలు. రెఫరీగా నిలబడ్డప్పుడు నాకు చెమటలు పట్టేది ఇక్కడే, ఎగిరేటప్పుడు కాలు గీత తొక్కిందా, దిగేటప్పుడు బాల్ ఇంకా చేతిలోనే ఉందా, రెండూ రెప్పపాటులో చూడాలి. పొద్దున ఒక బాబు బ్రహ్మాండంగా ఎగిరాడు గానీ బాల్‌తోనే లోపల దిగాడు, విజిల్ ఊది బాల్ కీపర్‌కి ఇచ్చేశాను, వాడి మొహం చూస్తే నాకే బాధేసింది.

తర్వాత ఆయన కోచ్‌ అయ్యారు, 1960లో గోపింగెన్‌కి యూరోపియన్ కప్ తెచ్చిపెట్టారు. ముసలితనంలో కూడా ఊరుకోలేదు, టెన్నిస్ పట్టుకుని సీనియర్స్‌లో టైటిళ్లు కొట్టారు. 2017లో 96 ఏళ్లకి పోయారు. ఆయన పేరుతో బాల్స్, జెర్సీలు అమ్ముతున్నారు, అది సరే, నాకైతే కోర్టులో ఎవరో "కెంపా!" అని అరిచినప్పుడే ఆయన ఇంకా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఒక్క మాట, దీంట్లో చప్పట్లన్నీ ఎగిరినోడికే పడతాయి, కానీ వాడు లేవకముందే, వాడు ఎక్కడుంటాడో ఊహించి అక్కడికి బాల్ వేసినోడిది సగం గోల్. రేపు ఎగిరేవాళ్లంతా బాల్ వేయండి, వేసేవాళ్లు ఎగరండి. సున్నం ఎవరైనా ఆరింటికల్లా తెచ్చిపెట్టండి, పొద్దున మీ కాళ్ల కింద గీత మొత్తం చెరిగిపోయింది.