నా రింగ్ లైటు పోయింది, దొరికింది హైవే మీద

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈసారి వ్లాగ్ డాలస్ నుంచి కాదు, బాలానగర్ నుంచి. మన మహబూబ్‌నగర్ జిల్లా, షాద్‌నగర్ దాటినాక జడ్చర్ల కంటే ముందొస్తుంది. బతుకమ్మకని రెండు వారాలు సెలవు పెట్టి వచ్చాను.

సాయంత్రం అక్కావాళ్లు బతుకమ్మ పేర్చేది షూట్ చేద్దామని చూస్తే రింగ్ లైటు లేదు. పవర్ బ్యాంకూ లేదు. ఇల్లంతా వెతికాం. మా మేనల్లుడు కూడా కనబడలేదు. పన్నెండేళ్లు వాడికి, దసరా సెలవులు. అర్థమైంది కదా!

హైవే దగ్గరికి పోయాను. ఇప్పుడు నలభై నాలుగంటున్నారు గానీ మా వాళ్లకు అది ఇంకా సెవెన్ నంబర్ రోడ్డే. హైదరాబాద్ పోయే వైపు, రోడ్డు పక్కన వరసగా సీతాఫలాల గంపలు. చీకటి పడేసరికి అందరూ సెల్‌ఫోన్ లైట్లు పట్టుకొని అమ్ముతున్నారు. ఒక్క గంప మాత్రం పెళ్లి స్టేజీలా వెలిగిపోతోంది. దాని మీద నా లైటు, వెనకాల మా వాడు. కార్లన్నీ వచ్చి అక్కడే ఆగుతున్నాయి.

"ఏందిరా ఇది?" అన్నాను.

"కిరాయి ఇస్తా మామా. రోజుకు రెండు కాయలు."

తిడదామని పోయినవాణ్ణి, నిలబడి చూస్తూ ఉండిపోయాను. వాడి ముందు మూడు కుప్పలు. కారు ఆగగానే ధర చెప్పడు, "ఎప్పుడు తింటరు సార్?" అని అడుగుతాడు. ఇయ్యాలే అంటే మెత్తగా మాగినవి, రేపంటే బొటనవేలితో నొక్కితే కాస్త లొంగేవి, ఎల్లుండంటే గట్టివి. గట్టివంటే పచ్చివి కాదండోయ్. కండ్లు విచ్చుకొని, సందుల్లో తెల్లగా గీత కనబడాలి. కండ్లు తెరవని కాయ కోస్తే పండదు, నల్లబడి రాయిలా అవుతుంది. అలాంటిది వాడు గంపలోకే రానివ్వడు. సీతాఫలంలో బాలానగర్ అని మా ఊరి పేరుతోనే ఒక రకం ఉంది మరి, పరువు కాపాడాలిగా!

ఇంతలో ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. ఒకాయన, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోతున్నాడట. "బాబూ, అమెరికాకు తీసుకుపోవచ్చా ఇవి?"

అప్పుడే కెమెరా ఆన్ చేశాను. మంచి క్లిప్ అవుతుందనుకున్నా.

"వద్దు సార్, పైసలు దండగ" అన్నాడు మా వాడు. "పోయినసారి మా మామ డజన్ పట్కపోతే అక్కడి ఎయిర్‌పోర్టుల గుంజుకొని డబ్బాల పడేసిండ్రట. ఫోన్ల ఎవరికో చెప్తుంటే ఇన్న. ఈడనే రెండు తిని పోండ్రి."

ఆయన నవ్వి అరడజను కొన్నాడు, కారులోనే తినడం మొదలుపెట్టాడు. నేను మాత్రం నవ్వలేదు. ఎందుకంటే, గంప వెనకాల పీటేసుకొని కాయలు ఏరుతున్నది మా అమ్మ. చీకట్లో చూసుకోలేదు. పోయినసారి ఆ డజను కాయలు ఒక్కొక్కటీ పాత చీర ముక్కల్లో చుట్టి సర్దింది ఆమే.

చేతిలో కాయ అలాగే పట్టుకొని తలెత్తింది.

"మరి పిల్లలు మస్తు తిన్నరు, తియ్యగున్నయి అన్నవు కదరా?"

క్లిప్ ఇక్కడిదాకే ఉందండీ.