సీ డ్రైవ్ లెక్క తేల్చడం ఎలా?

అందరికీ నమస్కారం.

సీ డ్రైవ్ నిండిందని ఎర్రగీత కనిపించగానే చాలామంది ముందుగా చేసే పని ఫొటోలు తీసెయ్యడం. పోతే మళ్ళీ దొరకనివి అవే, తీరా చూస్తే వాటివల్ల ఖాళీ అయ్యేది కొంచెమే. కాబట్టి ముందు లెక్క తేల్చుదాం, తీసెయ్యడం తర్వాత. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11లకు.

మొదట ఒక అనుమానం తీర్చుకుందాం. 256 జీబీ అని కొన్న డ్రైవ్‌ని విండోస్ 238 అని చూపిస్తుంది. మిగతా 18 ఎవరూ మింగలేదు. కంపెనీ లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు. అంతే తేడా.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరవండి. మోటాగా ఒక అంచనా వస్తుంది. టెంపరరీ ఫైల్స్ నొక్కితే వచ్చే జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఒక వరుసగా ఉంటుంది. చూడకుండా దానికి టిక్ పెట్టారంటే మీ సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు కూడా పోతాయి. అక్కడే పాత విండోస్ ఇన్‌స్టలేషన్ కనిపించవచ్చు. పెద్ద అప్‌డేట్ అయిన 10 రోజులకు అది మామూలుగా తనంతట తానే పోతుంది. ముందే తీసేస్తే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది.

ఏ ఫోల్డర్ ఎంత తింటోందో ఖచ్చితంగా చెప్పడానికి ఈ పేజీ చాలదు. విజ్‌ట్రీ అనే ప్రోగ్రామ్ వాడండి. ఒక్కో ఫోల్డర్‌లోకీ దూరి లెక్కపెట్టకుండా, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైల్ అమరిక) డ్రైవ్‌లోని మాస్టర్ ఫైల్ టేబుల్‌ని, అంటే ఫైళ్ళన్నిటి వివరాలూ రాసి ఉండే పట్టికని, నేరుగా చదువుతుంది. అందుకే మామూలుగా సెకన్లలో పని ముగుస్తుంది. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తోనే తెరవండి. లేకపోతే అనుమతి లేని ఫోల్డర్లు లెక్కలోకి రావు, మొత్తం తప్పుతుంది.

పెద్దవి పైకి వస్తాయి కదా, వాటిలో మూడింటిని చూసి కంగారు పడతారు. ఒకటి హైబర్‌ఫిల్ డాట్ సిస్. హైబర్నేట్ అయ్యేటప్పుడు, అంటే తెరిచినవి తెరిచినట్టే ఉంచి కంప్యూటర్ పూర్తిగా ఆగేటప్పుడు, ర్యామ్‌లో ఉన్నది దాచుకునే ఫైల్ ఇది. మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే సుమారు 6.4 జీబీ. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని కొడితే పోతుంది. దానితోపాటు హైబర్నేట్, ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతాయి. బ్యాటరీ తరచూ అయిపోయే ల్యాప్‌టాప్‌లో నేనైతే దీన్ని ముట్టుకోవద్దంటాను.

రెండోది విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్ఎక్స్ఎస్, విండోస్ తన భాగాల ఫైళ్ళు దాచుకునే చోటు. ఎక్స్‌ప్లోరర్ దీన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది. ఇందులోని చాలా ఫైళ్ళు సిస్టమ్32లాంటి చోట్లా హార్డ్ లింకులుగా కనిపిస్తాయి, డిస్క్ మీద ఉండేది మాత్రం ఒకే ప్రతి. దీన్ని చేత్తో తీశారంటే విండోస్ బూట్ కాకపోవచ్చు. టెంపరరీ ఫైల్స్‌లో విండోస్ అప్‌డేట్ క్లీనప్ ఉంటే దానికి టిక్ పెట్టండి, చాలు.

మూడోది సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్. ఏదైనా తేడా వస్తే విండోస్‌ని పాత స్థితికి తెచ్చుకునే రిస్టోర్ పాయింట్లు ఉండేది ఇందులోనే. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో కాన్ఫిగర్ నొక్కి గరిష్ఠ పరిమితి తగ్గించవచ్చు.

ఇవేవీ కాకపోతే వెతకాల్సిన చోటు యూజర్స్‌లో మీ పేరు కింద దాగి ఉండే యాప్‌డేటా. బ్రౌజర్ల క్యాష్, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు, కొన్నిసార్లు ఐఫోన్ బ్యాకప్‌లు పోగయ్యేది ఇక్కడే. ఫోల్డర్‌ని నేరుగా తుడవకండి, ఆ యాప్ సెట్టింగ్స్‌లోంచే తీయండి.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ సంగతి వేరు. ఫైల్ ఇక్కడ కనిపించినా అసలుది క్లౌడ్‌లో మాత్రమే ఉండవచ్చు. ఫైల్ ప్రాపర్టీస్‌లో సైజ్ కాదు, సైజ్ ఆన్ డిస్క్ చూడండి. డిలీట్ కొడితే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ ఎంచుకుంటే ఇక్కడ మాత్రమే ఖాళీ అవుతుంది.

డీ డ్రైవ్‌లో చోటు ఉన్నవాళ్ళు డౌన్‌లోడ్స్ ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్ ద్వారా దాన్ని అక్కడికి మార్చుకోవచ్చు. ముందు డీలో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ సృష్టించి దాన్నే చూపించండి. ఉత్త డీ డ్రైవ్‌ని చూపిస్తే ఆ డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారి కూర్చుంటుంది, మళ్ళీ వెనక్కి తేవడం తలనొప్పి.