బిడ్డని కనాలంటే లైసెన్స్ ఉండాలా? (స్టూడియో చర్చ, అన్నది అన్నట్టుగా)

యాంకర్: నమస్కారం. పిల్లల్ని పెంచే సామర్థ్యం మీకుందా లేదా అని డెన్మార్క్‌లో సైకాలజీ పరీక్షలు పెట్టి, వాటి ఆధారంగా అక్కడ ఉంటున్న గ్రీన్‌లాండ్ వాళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళిపోయిన గొడవ తెలిసిందే. వాళ్ళ భాషకీ పద్ధతులకీ ఆ పరీక్షలు సరిపోవని గోల పెరిగాక 2025 మే నుంచి ఆ కుటుంబాలకి ఆపేశారు. నాది ఒకటే ప్రశ్న. బండి నడపడానికి లైసెన్స్ కావాలి, బిడ్డని పెంచడానికి అక్కర్లేదా? డాక్టర్ గారూ.

పిల్లల డాక్టర్: ఎందుకక్కర్లేదండీ, కచ్చితంగా కావాలి. మొన్న మూడేళ్ళ పాపని తెచ్చారు, చెయ్యి విరిగింది, మంచం మీంచి పడిందన్నారు. ఎక్స్‌రే తీస్తే పాత విరుగుళ్ళు ఇంకో రెండు, వాటంతటవే అతుక్కున్నాయి. సూది గుచ్చితే ఆ పాప ఏడవలేదండీ, వాళ్ళ నాన్న మొహం చూసి ఊరుకుంది.

లాయర్: అలాంటి కేసుకి చట్టం ఉంది సార్, కొట్టినవాణ్ణి శిక్షించడం వేరు...

డాక్టర్: కొట్టాక! నేననేదీ అదే, కొట్టాకే వస్తారు మీరు!

యాంకర్: కరెక్ట్. బండి గుద్దేశాక లైసెన్స్ అడిగి లాభమేంటి?

లాయర్: ఒక్క నిమిషం ఇవ్వండి. 1927లో అమెరికా సుప్రీంకోర్టు, బక్ వర్సెస్ బెల్ కేసు. క్యారీ బక్ అనే అమ్మాయికి తెలివి తక్కువ అని ముద్ర వేసి, పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చెయ్యొచ్చని 8–1తో తీర్పిచ్చారు. అప్పటికే ఆమెకి పుట్టిన పాప తర్వాత బళ్ళో మంచి మార్కులతో మెరిట్ లిస్టులో ఉంది. ఆ దేశం మొత్తంలో 60 వేల మందికి పైగా చేశారు. హిట్లర్ జర్మనీలో 1933 చట్టం కింద దాదాపు 4 లక్షల మందికి. జపాన్‌లో ఇలాంటి చట్టమే 1948 నుంచి 1996 దాకా నడిచింది, అది రాజ్యాంగ విరుద్ధమని 2024లో వాళ్ళ సుప్రీంకోర్టే...

డాక్టర్: నేను ఆపరేషన్ అన్నానా? లైసెన్స్ అన్నాను. హిట్లర్ని నా పక్కన కూర్చోబెట్టకండి.

లాయర్: లైసెన్స్ లేకుండా కడుపొస్తే ఏం చేస్తారు మరి? తీసేయిస్తారా, పుట్టాక లాక్కుంటారా? చెప్పండి.

(ఇద్దరూ ఒకేసారి)

డాక్టర్: ఆ పాపకి చెప్పండి ఈ మాట, ఆ పాపకి!

యాంకర్: ఐవీఎఫ్ సంగతేంటి? ఇండియాలో 2021 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 దాటితే కుదరదుగా, అంటే లైసెన్స్ ఉన్నట్టేగా?

డాక్టర్: ఉన్నట్టే! డబ్బు పెట్టి ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్ళకి రూలు, మిగతావాళ్ళకి ఏమీ లేదు.

యాంకర్: దత్తతకీ ఉంది. మేడమ్, మీరు పాపని దత్తత తీసుకున్నారు, మిమ్మల్ని పరీక్షించారా?

దత్తత తల్లి: చాలా. హోమ్ స్టడీకి, అంటే మా ఇల్లూ మమ్మల్నీ చూడ్డానికి, వచ్చినావిడ బీరువా తెరిచి పాపకి ఒక అర ఖాళీగా ఉంచామా అని కూడా చూసింది. నాకు చెమటలు పట్టేశాయి. కానీ ఒకటండీ, ఆ పాప అప్పటికే పుట్టి, ఎవరూ లేక ఉంది, ఎవరి చేతుల్లో పెడుతున్నారో చూసుకోవాల్సిందే. కడుపున పుట్టే బిడ్డకి తల్లి అప్పటికే ఉంది కదా, రెండూ ఒకటెలా అవుతాయి?

యాంకర్: అంటే దత్తతకి లైసెన్స్ కావాలి, కనడానికి వద్దంటారు?

దత్తత తల్లి: అది కాదండీ. నాకు పనికొచ్చింది ముందు పెట్టిన పరీక్ష కాదు. పాప వచ్చాక ఆవిడ ఆర్నెల్లకోసారి వచ్చేది. ఒకసారి నిద్రల్లేక పాప మీద గట్టిగా అరిచేశానని ఆవిడ ముందే ఏడ్చేశాను. ఇంకేముంది, పాపని తీసుకెళ్ళిపోతారనుకున్నా. ఆవిడ పాపని భుజానేసుకుని, వెళ్ళి గంట పడుకోమ్మా అంది. అలా వచ్చే మనిషి ప్రతి తల్లికీ ఉంటే...

డాక్టర్: ఆ మనిషొచ్చే దాకా పాప బతికుండాలిగా మేడమ్!

యాంకర్: పవర్‌ఫుల్ పాయింట్.

లాయర్: ఆవిడని పూర్తిచెయ్యనివ్వండి సార్...

డాక్టర్: ఇంకో కేసు చెప్తా, నాలుగు నెలల బాబు...

లాయర్: ప్రతిసారీ ఒక కేసు చెప్తే ఎవరూ జవాబివ్వలేరు. ఆ పేపర్ సెట్ చేసేదెవరు? ఫెయిలయ్యేదెవరు? డబ్బు లేనివాళ్ళు, వికలాంగులు, ఆఫీసు భాష రానివాళ్ళు. డెన్మార్క్‌లో జరిగిందదే. కుటుంబం ఏర్పరచుకోవడం హక్కని 1948 మానవ హక్కుల ప్రకటన 16వ అధికరణంలోనే ఉంది.

డాక్టర్: బిడ్డకి హక్కు లేదా? పేపర్ బాలేకపోతే పేపర్ మార్చండి, పరీక్షే వద్దంటారేం?

యాంకర్: డ్రైవింగ్ టెస్ట్ కూడా మార్చుకుంటూ వచ్చాం కదా. టైమైపోతోంది, డాక్టర్ గారూ, 30 సెకన్లలో ముగించండి.

లాయర్: నా ప్రశ్నకి జవాబు రాలేదు.

డాక్టర్: లైసెన్స్ కావాలి, అంతే. చిన్న ట్రైనింగ్, చిన్న పరీక్ష, తప్పితే మళ్ళీ రాయమనండి.

లాయర్: మళ్ళీ తప్పితే?

డాక్టర్: మళ్ళీ రాయమనండి!

లాయర్: అప్పటికే కడుపుతో ఉంటే?

దత్తత తల్లి: నేనొక్క మాట...

యాంకర్: సారీ మేడమ్, టైమ్ లేదు. బిడ్డకి హక్కు లేదా అని డాక్టర్ గారు అడుగుతున్నారు, ఆలోచించండి. నమస్కారం.