కాలువకు కట్టిన కట్ట, యుద్ధానికి చెప్పే కారణాలు

(కర్నూలులో విద్యార్థులు, పాఠకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఉక్రెయిన్ యుద్ధం ఎందుకు వచ్చిందని అడిగితే కొందరు అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో అంటారు, కొందరు పుతిన్ అంటారు. కాలువ అన్నవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. కె.సి. కాలువ ఉన్న ఊళ్లో మాట్లాడుతున్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉక్రెయిన్ దక్షిణాన ఉన్న క్రిమియా ద్వీపకల్పంలో వానలు తక్కువ, చెప్పుకోదగ్గ నదీ లేదు. నీపర్ నది మీది కఖోవ్కా జలాశయం నుంచి సోవియట్ కాలంలో దాదాపు 400 కిలోమీటర్ల కాలువ తవ్వారు. క్రిమియా నీటి అవసరాల్లో సుమారు 85 శాతం అదే తీర్చేది. ఆ నీటితో వరి కూడా పండించేవారు. 2014 మార్చిలో రష్యా క్రిమియాను తనలో కలుపుకుంది. మరుసటి నెలలో ఉక్రెయిన్ కాలువకు అడ్డుకట్ట వేసింది. వరి సాగు ఆగిపోయింది. 2020 కరువులో రాజధాని సింఫెరొపోల్‌లో కుళాయిలకు నీళ్లు వేళలు పెట్టి వదలవలసి వచ్చింది. 2022 ఫిబ్రవరి 24న దండయాత్ర మొదలైన కొద్ది రోజుల్లోనే రష్యా సైనికులు ఆ కట్టను పేల్చివేశారు.

మన కె.సి. కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర నీళ్లు ఆగితే దిగువన ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా యుద్ధం కాలువ కోసమే వచ్చిందని అనను. ముందు ఆక్రమణ, ఆ తర్వాతే కట్ట. కోపం నిజమే కావచ్చు, కానీ ఆ కోపానికి బీజం వేసింది ఎవరన్నది వేరే ప్రశ్న. మిగతా వాదనలనూ ఇలాగే గీటురాయి మీద పెట్టి చూద్దాం.

షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ మియర్‌షైమర్ తప్పు ప్రధానంగా పాశ్చాత్య దేశాలదేనని 2014 నుంచీ అంటున్నారు. నాటోలో 1999లో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ చేరాయి. 2004లో బాల్టిక్ దేశాలతో కలిపి మరో ఏడు చేరాయి. 2008 ఏప్రిల్‌లో బుకారెస్ట్ సమావేశం ఉక్రెయిన్, జార్జియా కూడా సభ్యులవుతాయని ప్రకటించింది. ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు. జర్మనీ, ఫ్రాన్స్ అడ్డుపడటంతో ప్రవేశానికి దారీ చూపలేదు. రష్యాను రెచ్చగొట్టి, ఉక్రెయిన్‌కు ఏ రక్షణా ఇవ్వకుండా వదిలేశారు. ఇంతకంటే చెడ్డ తీర్మానం రాయమన్నా రాయలేం! ఆ ఆగస్టులోనే రష్యా, జార్జియా యుద్ధం జరిగింది.

ఇంతవరకు ఈ వాదన గట్టిదే. ఫిన్లాండ్ దగ్గరే నాకు గొంతు దిగదు. 1,300 కిలోమీటర్లకు పైగా ఉమ్మడి సరిహద్దున్న ఆ దేశం 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ అక్కడికి ఎంతో దూరం కాదు. మాస్కో హెచ్చరించి ఊరుకుంది. అప్పటికే రష్యా సైన్యం ఉక్రెయిన్‌లో చిక్కుకుని ఉందని మియర్‌షైమర్ పక్షం వారు అనవచ్చు, ఆ జవాబును తోసిపుచ్చలేం. కానీ నాటో సరిహద్దు ఒక్కటే ప్రాణాపాయమైతే రెండు చోట్ల ఇంత తేడా ఎందుకు?

తేడా పుతిన్ మాటల్లోనే ఉంది. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే జాతి అని ఆయన 2021 జులైలో పెద్ద వ్యాసం రాశారు. దండయాత్రకు మూడు రోజుల ముందు, నేటి ఉక్రెయిన్‌ను బోల్షివిక్కులే, అంటే లెనిన్ నాటి రష్యా కమ్యూనిస్టులే సృష్టించారని ప్రసంగించారు. ఫిన్లాండ్ గురించి అలా మాట్లాడలేదు. మరి ఆ 'ఒకే జాతి' ఏమందో కూడా చూడాలి కదా. 1991 డిసెంబరు 1న ఉక్రెయిన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 90 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరారు. దోనెత్స్క్, లుహాన్స్క్‌లలో కూడా 80 శాతం దాటింది. క్రిమియాలో 54 శాతం. 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ అణ్వస్త్రాలు వదులుకోవడానికి ఒప్పుకుంటే, దాని సరిహద్దులను గౌరవిస్తామని రాసిచ్చిన మూడు దేశాల్లో రష్యా ఒకటి.

నా మొగ్గు ఈ రెండో వాదన వైపే, అంటే సామ్రాజ్య కాంక్ష వైపే. దీనికి నన్ను అమెరికా పక్షపాతి అంటారా, అనండి. కానీ దీనికీ ఒక లోటుంది. కాంక్ష పాతదైతే 2022లోనే ఎందుకు? దానికి ఇది సరైన జవాబివ్వదు. 2014లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మైదాన్ అనే కూడలిలో జనం అధ్యక్షుణ్ణి పారిపోయేలా చేశారు, అదే మాస్కోలోనూ జరుగుతుందని పుతిన్ భయపడ్డారన్న మూడో వాదన ఉంది. అందులో కొంత నిజం ఉండవచ్చు, అయితే భయాన్ని కొలవడం కష్టం.

తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా అండ ఉన్న వేర్పాటువాదులతో పోరు ఆపడానికి కుదిరిన మిన్స్క్ ఒప్పందం సంగతి ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తాను. 2015 ఫిబ్రవరి నాటి పాఠం ప్రకారం తూర్పు ప్రాంతాల్లో స్థానిక ఎన్నికలు జరిగిన మర్నాడు సరిహద్దు మీద అదుపు ఉక్రెయిన్‌కు తిరిగి రావడం మొదలవ్వాలి. తుపాకుల నీడలో ఎన్నికలెలా పెడతామంది కీవ్. రాసుకున్న వరుస తప్పడానికి వీల్లేదంది మాస్కో. అక్షరాన్ని బట్టి చూస్తే మాస్కో మాటే సరి. అయితే అదే కాగితంలో విదేశీ సైనికులు వెళ్లిపోవాలని కూడా ఉంది. మా సైనికులు అక్కడ లేరు, మేం ఒప్పందంలో పక్షమే కాదు అంటూ వచ్చింది రష్యా. ఆ కాగితం మీద కీవ్‌లోని రష్యా రాయబారి సంతకం ఉంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.